మైకు లేని మంగళవారం

మా ఊరి మంగళవారం సంతకి వచ్చేవాళ్లలో పుల్లమ్మ గొంతు ఎరగనివాళ్లు లేరు. మిరప ఘాటుకి గీసుకుపోయిన గొంతు. పగలంతా కోల్డ్ స్టోరేజీ షెడ్డులో కాయల తొడిమలు తీసి, మంట తగ్గడానికి చేతులకి ఆముదం రాసుకుని, సాయంత్రానికి చేతిమైకు భుజాన తగిలించుకుని బ్రాందీ షాపు ఎదురుగా వచ్చి నిలబడేది. ఆమె పంచే సువార్త కాగితాల మీద ఎప్పుడూ ఆముదం మరకలుండేవి.

"సగం నూనె నువ్వే పెట్టి ఇస్తన్నావు పుల్లమ్మా," అనేవాడు బజ్జీల బండి బుడాన్, ఆ కాగితం అందుకుంటూ.

"చదివాక పొట్లం కట్టుకో బుడానూ. ముందే కట్టబాకు," అనేది.

పాస్టరు ఇమ్మానియేలు గారు బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఆమెకి మార్తమ్మ అని పేరు పెట్టారు. రేషన్ కార్డులో మాత్రం పుల్లమ్మే. వాళ్ల పల్లెలో ఇంచుమించు ప్రతి మనిషికీ ఇలా రెండేసి పేర్లు, ఆదివారానికి ఒకటి, ఆఫీసుకి ఒకటి. ఎస్సీ కులంలో పుట్టినవాళ్లు క్రైస్తవులమని కాగితం మీద ఒప్పుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. హోటల్లో వాళ్లకి పెట్టే వేరే గ్లాసు మాత్రం పోదు. ఈ గ్లాసు సంగతి చట్టం రాసినవాళ్లకి తెలియక రాశారో, తెలిసే రాశారో నాకు తెలియదు.

ఆమె భర్త పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేసి, దగ్గి దగ్గి పోయాడు. ఒక్కతే కూతురు, భవ్య. రెండువేల మూడులో ఆ పిల్లకి టీచరు ట్రైనింగులో ఎస్సీ కోటా కింద సీటొచ్చింది. జూలై ఆఖరుకల్లా కాలేజీలో సర్టిఫికెట్ చూపించాలి. ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషి ఆ పిల్లే.

అప్పట్లో పుల్లమ్మ ప్రసంగం మెత్తగా ఉండేది కాదు. పేర్లు పెట్టి చెప్పేది. ఒక మంగళవారం వెంకటనారాయణ గారు బ్రాందీ షాపులోంచి బయటికి వచ్చాడు. వరుసగా రెండేళ్లు పత్తి పురుగు పాలై, కౌలు కట్టలేక, తాగుడికి అలవాటు పడిన రైతు. సీసా పంచెలో దోపుకుంటున్నాడు. ఆమె మైకు అటు తిప్పింది.

"వెంకటనారాయణ గారూ, యాడ దాచినా దేవుడికి కనపడతదండి. పొద్దున మీ ఇంటావిడ గిద్దెడు బియ్యం కోసం ఇల్లిల్లూ తిరగటం నేను చూశా."

ఆ ఇంటావిడ, సుబ్బరావమ్మ, పక్కనే కూరగాయల దగ్గర ఉంది. ఏరుకున్న వంకాయలు మళ్లీ గుట్టలో పోసి వెళ్లిపోయింది. మర్నాడు తెల్లారేసరికి దాచేపల్లి పుట్టింట్లో ఉంది.

మూడు రోజుల తర్వాత వెంకటనారాయణ గారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. నేను మండలాఫీసు బయట రేకుల కింద కూర్చుని అర్జీలు రాస్తాను. ఇంటర్ రెండుసార్లు తప్పాను. లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ, చట్టాలతో సహా చదివాను. ఈ ఊళ్లో నాకున్న కాస్త మర్యాదా ఆ రాతదే.

"అది మైకులో గోల చేస్తంది, ఆపించండి అని రాయరా," అన్నాడాయన.

నేను అంతటితో ఆపలేదు. పుల్లమ్మ బహిరంగంగా క్రైస్తవ ప్రచారం చేస్తోందనీ, కూతురికి మాత్రం ఎస్సీ సర్టిఫికెట్ తీసుకుందనీ, పంతొమ్మిది వందల యాభై నాటి ఉత్తర్వు ప్రకారం అది చెల్లదనీ, విచారణ జరిపించాలనీ రాశాను. నాకు ఆమె మీద ఏ కోపమూ లేదు. నాకు తెలిసినదేదో ఎవరికైనా కనపడాలనిపించింది, అంతే. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడు. మైకు గోల మీద అర్జీలు చెత్తబుట్టకి పోతాయి. ఇది పోలేదు.

ఆ పై శుక్రవారం రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్‌ఐ, పుల్లమ్మని పిలిపించాడు. ఆమె, భవ్య, ఇమ్మానియేలు గారు వరండాలో నా బల్లకి నాలుగడుగుల్లో నిలబడ్డారు.

"హిందువునని చెప్పెయ్ మార్తమ్మా," అన్నాడు పాస్టరు గొంతు తగ్గించి. "సంఘంలో అందరి కార్డులూ అంతేగా. దేవుడు చూసేది మనసునమ్మా."

"పోయిన మంగళారం పేతురు గురించి సంతలో నేనే చెప్పానండి అయ్యగారూ."

యేసుని పట్టుకుపోయిన రాత్రి, ఆయనెవరో నాకు తెలియదని కోడి కూసేలోగా మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు. అబద్ధం చెప్పమని భవ్య అమ్మని అడగలేదు. ఫైలు రెండు చేతులతో పట్టుకుని గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడింది.

వాంగ్మూలం రాయడానికి ఆర్‌ఐ నన్నే లోపలికి పిలిచాడు. ఆయన రాత ఆయనకే అర్థం కాదు.

"ఏ మతం?"

పుల్లమ్మ తన అరచేతులు చూసుకుంది.

"హిందువులమండి."

"చర్చికి పోతావా?"

"పోనండి."

"సంతలో యేసు గురించి చెబుతున్నావంట?"

"ఆయన సంగతి నాకేం తెలవదండి."

రాశాను. ఆముదం చేతి వేలిముద్ర జారింది, రెండోసారి వేయించాం. అంతా చదివి వినిపించాను. ఆమె మొహం ఎత్తకుండా విన్నది.

"ఆ అర్జీ రాసింది కూడా నువ్వేనా అబ్బాయ్?"

"అవును పెద్దమ్మా."

"రాత ముత్యాల్లాగా ఉంటదంటగా నీది," అంది. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే విన్నట్టుంది ఎక్కడో.

"అర్జీ పెట్టినాయన బుధవారం వస్తాడు," అన్నాడు ఆర్‌ఐ. "నువ్వు ప్రచారం చేస్తుంటే చూశానని ఆయన చెప్పాడంటే ఇది అబద్ధపు వాంగ్మూలం అవుద్దమ్మా. పిల్ల సర్టిఫికెట్ రద్దుకి రాయక తప్పదు. బుధవారం దాకా సంత వైపు పోబాక."

మంగళవారం ఆమె రాదనే అనుకున్నాం. సాయంత్రం అయిదున్నరకి వచ్చింది. మైకు లేదు, బైబిలూ లేదు. బ్రాందీ షాపు ఎదురుగా ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. ఆ గొంతు మైకు లేకపోతే రెండు గజాలు దాటదు. ఏమంటుందో వినాలని జనమే దగ్గరికి జరిగారు. వెంకటనారాయణ గారు షాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈయన సీసా దాచుకుంటే ఇక్కడే నిలబడి బయటపెట్టా," అంది పుల్లమ్మ. "శుక్రారం ఆఫీసులో నా దేవుణ్ణి నేను దాచుకున్నా. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ కాదన్నా. తాగి కూడా కాదు, తెలివితోనే. పేతురు బయటికొచ్చి ఏడ్చాడంట. నాకు ఏడుపే రాలా. అమ్మాయి సీటు నిలబడతదిలే అని సంతోషమేసింది. అదీ నేను. ఇంతకాలం మిమ్మల్నందర్నీ మైకులో అన్నాను."

ఆమె అరుగు వైపు తిరిగింది.

"అయ్యా, తప్పయింది. నిన్న దాచేపల్లి పోయి మీ ఇంటావిడ కాళ్లు కూడా పట్టుకున్నా. రానంది. రేపు మీరు ఆఫీసులో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. దాని గురించి అడగటానికి రాలా నేను."

"మరి నన్నేం చెయ్యమంటావే?" అన్నాడాయన.

"ఏం వద్దండి."

బుడాన్ ఒక పొట్లం కట్టి తీసుకెళ్లి ఆయన పక్కన పెట్టాడు. "తినండి నారాయణ గారూ. ఖాళీ కడుపున తాగితే రేపు ఆఫీసులో నిలబడలేరు."

ఒకరిద్దరు నవ్వారు. పుల్లమ్మ కూడా అరుగు చివర కూర్చుని ఒక బజ్జీ తీసుకుంది. ఆ రోజు ప్రసంగం అంతే.

నాకు మాత్రం రాత్రి దాకా ఒళ్లు మండుతూనే ఉంది. ఎప్పుడూ తల వంచేది ఆ పల్లెవాళ్లే ఎందుకో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆమెని అక్కడికి తోసిన రాత నాదేనని కూడా నాకు తెలుసు.

బుధవారం వెంకటనారాయణ గారు గడ్డం గీయించుకుని వచ్చాడు. నేను కాగితం పరుచుకుని కూర్చున్నాను.

"పుల్లమ్మ సంతలో ప్రచారం చేస్తుంటే చూశావా?" అని అడిగాడు ఆర్‌ఐ.

"నిన్న చూశానండి. బజ్జీలు తింటంది."

"అది కాదయ్యా. మరి అర్జీ ఎందుకు పెట్టావు?"

"తాగి పెట్టానండి."

"సంతకం నీదేగా?"

"సంతకం నాదే. మత్తు కూడా నాదే."

ఆర్‌ఐ అర్జీ తిప్పి చూశాడు. "ఈ చట్టాలూ, సంవత్సరాలూ మత్తులోనే చెప్పావా?"

వెంకటనారాయణ గారు నా వైపు చూశాడు. "అయ్యన్నీ నాకు తెలవదండి. రాసినోణ్ణి అడగండి."

ఆర్‌ఐ కళ్లజోడు పైనుంచి నన్ను చూశాడు. ఆ ఉత్తర్వు ఏ పేజీలో ఉందో కూడా నాకు గుర్తుంది.

"ఆయన చెప్పనివి నేనే కల్పించి రాశానండి," అన్నాను.

"అది కూడా రాయి," అన్నాడు. రాసి సంతకం పెట్టాను. ఆయన ఫైలు మూసి దారం కట్టాడు. నెల రోజుల పాటు నన్ను ఆ రేకుల కింద కూర్చోనివ్వలేదు.

భవ్య ఆగస్టులో కాలేజీలో చేరింది. సుబ్బరావమ్మ దసరా దాటాక తిరిగొచ్చింది, ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. వెంకటనారాయణ గారు తాగుడు మానలేదు. పుల్లమ్మ మైకు సంఘానికి ఇచ్చేసి, మంగళవారం మంగళవారం ఆ అరుగు చివరే ఖాళీ మిరప గోతాం పరుచుకుని కూర్చుంటుంది. వచ్చి పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడుతుంది, అడిగితే ప్రార్థన చేస్తుంది. వెంకటనారాయణ గారికి కాళ్లు తేలిపోయిన రోజున ఆయన సైకిలు తను నడిపించుకుంటూ వాళ్ల వీధి మొదటిదాకా దిగబెడుతుంది. అక్కడినుంచి సుబ్బరావమ్మ అందుకుంటుంది. ఆ ఇద్దరూ మాట్లాడుకోగా నేను చూడలేదు.

ఆ చట్టం ఇంకా అలాగే ఉంది. పుల్లమ్మకి ఇప్పటికీ రెండు పేర్లే. ఆ సాయంత్రం ఆమె చెప్పిన మాట సంతలో వందమందైనా విని ఉంటారు. అందులో ఆమెకి పడనివాళ్లున్నారు, ఆమె మైకులో పేరెత్తినవాళ్లున్నారు. మండలాఫీసుకి వెళ్లే అర్జీ ఏదైనా నా బల్ల మీంచే వెళ్లాలి. ఆమె మీద రాయించడానికి ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు.