తల ఎత్తి చూడమన్న సుజాత సిస్టర్

లవంగ నూనె సీసా మూత తీస్తే చాలు, ఇప్పటికీ నా వెన్ను తనంతట తానే నిటారవుతుంది. కువైట్‌లో, సాల్మియాలోని మా పళ్ల క్లినిక్‌లో పొద్దున్నే మందుల బల్ల సర్దడం నా పని. ఈ రోజూ ఆ ఘాటు తగలగానే సుజాత సిస్టర్ వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ఆమె అప్పట్లో మా హెడ్ నర్సు. రాజోలు దగ్గరి పల్లె నుంచి వయసులో కువైట్ వచ్చి, ఈ క్లినిక్‌లోనే తల నెరిసిన మనిషి.

నాది రాయచోటి వైపు. క్లినిక్‌కి రాకముందు ఫింటాస్‌లో ఒక ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చెడ్డది కాదు. కానీ ఆమె పిలిస్తే గోడవారగా, చేతులు వెనక్కి పెట్టుకుని, కళ్లు దించి నిలబడాలని నాకంటే ముందు చేరినవాళ్లు చెప్పారు. అదే మర్యాద అనుకున్నాను. ఏళ్లు గడిచేసరికి నా మెడ అలాగే అలవాటు పడిపోయింది. ఇఖామా, అదే ఇక్కడ ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, మార్చుకుని క్లినిక్‌లో ఆయాగా చేరినా ఆ వంపు నాతోనే వచ్చింది.

చేరిన కొత్తలో ఒక పేషెంట్ నన్ను ఎగాదిగా చూసి, “ఈమె చేతులు ఎందుకు దాస్తోంది? ఆ పనిముట్లు కడిగారా అసలు?” అని డాక్టరును అడిగాడు. కడిగింది నేనే, శుభ్రంగానే కడిగాను. అయినా ఆయన పన్ను చూపించుకోకుండానే లేచి వెళ్లిపోయాడు. నన్ను పనిలోంచి తీసేస్తారని లోపలి గదిలో కూర్చుని ఏడుస్తుంటే సిస్టర్ వచ్చింది.

“నేను ఏ తప్పూ చేయలేదక్కా. ఆయప్ప ఎందుకట్లా అన్న్యాడో తెలీదు” అన్నాను.

“తప్పు చెయ్యలేదని నాకు తెలుసమ్మా. నువ్వు నిలబడే తీరు మాత్రం చేసినట్టే ఉంది. రా, ఇలా కుర్చీలో పడుకో.”

పేషెంట్ల కుర్చీలో నన్ను పడుకోబెట్టి, తాను చేతులు కట్టుకుని, ఎటో చూస్తూ నా తల దగ్గర నిలబడింది. ఆమె ఎవరో తెలిసి కూడా నా గుండె దడదడలాడింది. తర్వాత స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఖాళీ చేతులు ఒళ్లో కనిపించేలా పెట్టుకుని, నా ముఖంలోకి చూసింది. నా పిడికిళ్లు వాటంతటవే విడిపోయాయి.

“నవ్వాల్నా అక్కా?”

“రాని నవ్వెందుకే? నొప్పితో వచ్చినోళ్ల ముందు పళ్లికిలిస్తే బాగోదు. ముఖం వాళ్ల వైపు తిప్పు. చేతులు కనపడనియ్యి. అంతే.”

మరోసారి, ఆలస్యమైందని ఒకాయన కౌంటరు మీద చరుస్తూ అరిచాడు. సిస్టర్ వెనక్కి జరగలేదు, మీదికీ వెళ్లలేదు. కాస్త పక్కకు తిరిగి, ఆయన మాట అయ్యేదాకా తలూపుతూ వింది. అరుపు దానంతటదే తగ్గింది. ఆయన కూర్చున్నాక, భయం వేయలేదా అని సిస్టర్‌ని అడిగాను. “భయమెయ్యకేం? నేనూ మనిషినే కదే” అంది. అలాగని ఆమె ఎప్పుడూ నిబ్బరంగానే ఉండేదనీ కాదు. డాక్టరుతో మాటపట్టింపు వచ్చిందంటే చేతులు కట్టేసుకునేది. నేను దూరం నుంచి చూస్తే, నాలుక కరుచుకుని విప్పేసేది.

ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని ఫింటాస్ మామా వచ్చింది. దవడ వాచి ఉంది. ఆమెను చూడగానే నా మెడ వంగిపోయింది, కాళ్లు గోడ వైపు జరిగాయి. సిస్టర్‌కి ఆ ఇంటి సంగతులన్నీ నేను చెప్పినవే. అవతలి కుర్చీ దగ్గర నుంచి నన్ను చూసింది, పిలవలేదు. తన భుజాలు మాత్రం నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. నేనూ తీసుకున్నాను. ఎదురెళ్లి, మామా కళ్లలోకి చూసి, కూర్చోమని చేత్తో కుర్చీ చూపించాను.

“నువ్విక్కడ కొత్తా?” అని అరబ్బీలో అడిగింది మామా.

“మామా, నేను లక్ష్మిని. మీ ఇంట్లో పనిచేశాను.”

ఆమె చాలాసేపు నన్నే చూసింది. అన్నేళ్లు ఆమె ఇంట్లో తిరిగాను గానీ, నా ముఖం ఆమెకు ఎప్పుడూ కనిపించనే లేదు. కొంత నేనే కనిపించనివ్వలేదు. చివరికి, “లక్ష్మీ, నాకు సూదంటే భయం” అని చేయి చాచింది. పన్ను తీసేదాకా ఆ చేయి పట్టుకునే ఉన్నాను.

సాయంత్రం సిస్టర్ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, “ఈ అమ్మాయిని కుర్చీ పక్కన పనికి పెట్టండి డాక్టరుగారూ, నేను నేర్పుకుంటాను” అంది. అలా ఆయానల్లా అసిస్టెంటునయ్యాను. కొన్నాళ్లకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై సిస్టర్ ఊరెళ్లిపోయింది. ఇప్పుడు ఆమె చేసిన పనుల్లో చాలావరకు నావే.

పోయినసారి సెలవుకు ఊరెళ్లినప్పుడు, అక్కడే ఉండి పది పాసైన నా కూతురి చదువు మాన్పించే విషయం మా ఇంటి పెద్దలు వసారాలో కూర్చుని తేల్చేస్తున్నారు. నేను వాకిలి చాటున, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉన్నట్టు నాకే తెలిసింది. చేతులు ముందుకు తెచ్చుకుని, వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాను. వాళ్లలో పెద్దవాడైన మా బావ ముఖంలోకి చూసి, “పాప సదువుకుంటాది బావా” అన్నాను. ఆయన నా వైపు తిరిగి, ఏ కాలేజీలో చేరుద్దామని అడిగాడు.