చిల్లు పూడ్చాకే కేక

ఫోన్‌లో అక్షరాలు ఆనక, ల్యాబ్ వాళ్లు పంపిన లింకు చూస్తూ కంప్యూటర్‌లో కొట్టాను. చివరి అంకె తప్పు పడింది. నా రక్తపరీక్ష రిపోర్టుకు బదులు మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ రిపోర్టు తెరుచుకుంది. ఆ ఉదయం కంచరపాలెం ల్యాబ్‌లో టోకెన్ పట్టుకుని నా వెనకే కూర్చుంది. "సుగరు సూపించుకుందామనొచ్చేనమ్మా" అంది. సుగరు కాదు. ఏమిటో ఇక్కడ కూడా రాయను.

ఇంకో అంకె మార్చాను. ఇంకెవరిదో వచ్చింది. పాస్‌వర్డూ లేదు, పాడూ లేదు.

ఒళ్లు మండింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ల్యాబ్ పేరుతో సహా రాసేశాను. కానీ ఆవిడ గుట్టు చూసినదాన్ని, ముందు ఆవిడకి చెప్పాలి కదా. మర్నాడు జరిగిందంతా చెప్పి, గ్రూపులో పెడుతున్నానన్నాను. తట్ట గుమ్మంలోనే దించేసింది.

"గ్రూపులో ఎడితే ఊరంతా అంకెలు మార్సి సూసీత్తారు! ఇంక నా సేపలు ఎవులు కొంటారమ్మా?"

"చెప్పకపోతే వాళ్లు బాగుచెయ్యరే!"

"సెప్పొద్దన్నానేటి? పడవకి సిల్లడితే ముందు పూడుత్తారా, ఒడ్డునున్నోళ్లని కేకేత్తారా? పూడ్సినాక అరుసుకో. నీ నోరెక్కడికీ పోదు."

వాదనలో నేను ఓడడం అరుదు. ఓడాను.

ల్యాబ్ మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "అంకెలు మార్చి చూడమని ఎవరన్నారు మేడమ్? ఎవరికీ తెలీదు కదా, వదిలేయండి" అన్నాడు.

"తాళం లేదని చెప్పినదాన్ని దొంగనంటావేంటయ్యా? ఇవాళ నాకు తెలిసింది, రేపు ఇంకొకడికి తెలుస్తుంది. వారం టైమిస్తున్నా. ఆ తర్వాత మీ కౌంటర్ ముందు కుర్చీ వేసుక్కూర్చుని, వచ్చినవాళ్లందరికీ మీ రిపోర్టులకి కాపలా లేదని చెప్తా. ఎలా చూడొచ్చో మాత్రం చెప్పను."

ఐదో రోజు లింకు కోడ్ అడిగింది. ఆవిడ అంకె కొట్టి చూశాను. కోడ్ ఆవిడ ఫోన్‌కి పంపామని తెర మీద పడింది. ఆ వెంటనే మేనేజర్ ఫోన్: "సరిచేశాం కదా మేడమ్, ఇక ఎవరికీ చెప్పకండి." చెప్తేనే కదా ఇంకో ల్యాబ్ వాడు తనదీ చూసుకునేది!

మర్నాడు పొద్దున్న ఆవిడ తన ఫోన్‌లో ఆ కోడ్ చూపిస్తూ వచ్చింది. "ఈ నంబరేటమ్మా?"

"నేనే పరీక్షించాను. చిల్లు పూడ్చేశారు."

"ఇంకేటి మరి, అరుసుకో."

గ్రూపు కోసం రాసింది చదివి వినిపించాను. కొంగుతో మొహం తుడుచుకుని, "వారంలోపే బాగుసేసేరని కూడా రాయమ్మా. మల్లీ పరీచ్చకి నానక్కడికే ఎల్లాల" అంది.

పళ్లు కొరుక్కుంటూనే రాశాను.