మలబద్ధకం పుస్తకానికి మేం వేసిన మార్కులు

ఎనభైల మొదట్లో మా వైపు వానలకు కరువుండేది గానీ, కాగితాలు రాసేవాళ్ళకు మాత్రం ఏనాడూ కరువు లేదు. మబ్బు పట్టినా పట్టకపోయినా పైనుంచి సర్క్యులర్లు సకాలంలో కురిసేవి. అలాంటి రోజుల్లో నేను డాక్టరు చదువు ముగించి, మెడలో స్టెతస్కోపు వేసుకుని (బజారుకు కూరగాయలకు పోయినా తీసేదాన్ని కాదు, అంత మోజు) ఆదోనిలో ఒక ఆసుపత్రిలో చేరాను. చేరీ చేరగానే నాకు అప్పగించిన మహత్కార్యం ఏమిటంటే, మలబద్ధకానికి ఎలా వైద్యం చేయాలో పైవాళ్ళు అచ్చువేయించిన సూచనల పుస్తకం ఒకటి వచ్చింది, అది ఎంత నాణ్యమైనదో తేల్చి, దానితోపాటు పంపిన ప్రశ్నల కాగితంలో ప్రశ్నకు పది చొప్పున మార్కులు వేయాలి. జబ్బులు నయం చేద్దామని వస్తే పరీక్ష పేపర్లు దిద్దే పని దొరికింది.

కమిటీ అన్నారు గానీ, అందులో ఉన్నది మా పెద్దసారు, ఆయన ఏమన్నా తల ఊపే ఇంకో డాక్టరు (మేము ఆయన్ని చాటుగా ఊపుడుసారు అనేవాళ్ళం), నేను. పెద్దసారిది ఏడాది పొడుగునా కాలవల్లో నీళ్ళు పారే ఊరు. ఆ పుస్తకం రాసినవాళ్ళలో ఆయనా ఒకరు, పేరు ముందుమాటలోనే ఉంది. తను రాసిన పేపరు తనే దిద్దుకునే అదృష్టం ఎంతమందికి దక్కుతుంది? "రాసినవారికి ఇందులో సొంత ప్రయోజనం ఏమైనా ఉందా" అనే ప్రశ్నకు ఆయనే "లేదు" అని రాసుకుని, ఆయనే పదికి పది వేసుకున్నారు. ఊపుడుసారు తల ఊపారు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తింటూ మలబద్ధకం మీద మార్కులు వేస్తున్నామే అన్న ఇంగితం ఆ గదిలో ఎవరికీ కలగలేదు. "ఎవరికోసం రాశారో వాళ్ళను అడిగి రాశారా" అన్న ప్రశ్న దగ్గర నేను ఆగాను. "అడిగేదేముందమ్మా, రోగులు సిగ్గుపడి చెప్పరు కదా" అని పెద్దసారు అక్కడా పది వేశారు.

ఇంతకీ పుస్తకంలో ఏముంది? నీళ్ళు ధారాళంగా తాగాలి, పండ్లూ ఆకుకూరలూ రోజూ తినాలి, దొడ్డికి వచ్చినప్పుడు ఆపుకోకుండా వెంటనే పోవాలి. బాగానే ఉంది, కానీ ఎక్కడికి పోవాలో ఒక్క పేజీలోనూ లేదు. ఆ మాటే అడిగితే పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "అది ఇంజనీర్ల శాఖ అమ్మా, మనది కాదు" అన్నారు.

నేను ఆ మాట ఊరికే అడగలేదు. ఎమ్మిగనూరులో మా మేనత్త ఉంది, నన్ను పెంచిన మనిషి. మామకు మగ్గాలుండేవి. ఆ వీధి ఆడవాళ్ళంతా తెల్లవారకముందు ఊరిబయట కంపచెట్లలోకి పోయి రావాలి, మళ్ళీ పొద్దు గూకినాకే. మధ్యలో ఏం జరిగినా ఆపుకోవాల్సిందే. అందుకని మా అత్త అసలు నీళ్ళు తాగడమే మానుకుంది. కడుపు బండలా అయిపోయి, రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. మనిషి సగమైపోయింది. నా స్టెతస్కోపు, నా చదువు అంతా పెట్టుకుని నేను ఆమెను చూసి భయపడేదాన్ని.

కక్కసు కట్టించు మామా అంటే మామ వినేవాడు కాదు. ఎదురింట్లో ఉండేది ఆయన దాయాది తమ్ముడు. ఆ తమ్ముడు ముందుగా కక్కసు కట్టించుకున్నాడు, అంతే, మామ వీధిలో నిలబడి అందరూ వినేటట్టు చెప్పాడు. "తినే ఇంట్లోనే దొడ్డికి పోయేది పశువు గూడా సెయ్యదప్పా. మా ఇంటోళ్ళు ఎవరన్నా వాని గడప తొక్కితే నా పేరు మార్సుకుంటా." (పశువులు కొట్టంలో రోజూ చేసే పని అదేనని ఆయనకు గుర్తుచేసే ధైర్యం వీధిలో ఎవరికీ లేకపోయింది.)

ఆ పుస్తకం మంచిదో కాదో మా అత్త మీద చూద్దాం సార్ అన్నాను పెద్దసారితో. అత్త చేతి నాటుకోడి కూర, జొన్నరొట్టె అనగానే ఆయన ఆదివారం ఎమ్మిగనూరు రావడానికి ఒప్పుకున్నారు. ముందుగా నేను పోయి అత్తకు పుస్తకం చదివి వినిపించాను. "అంత పెద్ద డాక్టర్లు అచ్చేసినారంటే ఉత్తనే వేస్తారా పాపా, నువ్వు సెప్పినట్లే సేస్తా" అంది. పిచ్చి తల్లి, అక్షరం తప్పకుండా చేసింది. చెంబులకు చెంబులు నీళ్ళు, బొప్పాయి పండు, తోటకూర.

ఆదివారం మధ్యాహ్నం పెద్దసారు పీట మీద కూర్చుని రొట్టె తుంచుతున్నారు. మామ పక్కనే. అత్త కూర వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"పాపా, బుక్కులో ఏమని రాసినారు? ఆపుకోగూడదనే కదా?"

"అవునత్తా."

గరిటె నా చేతిలో పెట్టింది. చెంబు తీసుకుని ఎండలోకి నడిచింది. బయట మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధి పొడుగునా చాచి కట్టి మగవాళ్ళు నూలుకు గంజి పెడుతున్నారు. ఇరవై ఏళ్ళుగా తలెత్తి ఆ వీధిలో నడవని మా అత్త, వాళ్ళందరి ముందు వంగి పడుగు కిందనుంచి దూరి, నేరుగా ఎదురింటి గడప తొక్కింది. లోపలనుంచి తోడికోడలు గొంతు వినబడింది. "రా అక్కా, ఈ పక్క." అంతే, ఇంకేమీ అడగలేదు మహాతల్లి.

మామ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. పెద్దసారు మాత్రం వెలిగిపోయారు. "చూశావా అమ్మా, మన సూచనల ప్రభావం" అని, కూర చెయ్యి కడుక్కోకముందే, "ఆచరణసాధ్యమా" అన్న ప్రశ్నకు నా చేత పదికి పది వేయించారు. ఎదురింట్లో కక్కసు ఉండబట్టే కదా సార్, ఆ ముక్క కూడా రాద్దామా అన్నాను. "అది శాస్త్రం కాదమ్మా" అన్నారు. శాస్త్రమట. ఆ శాస్త్రానికి ఒక తలుపూ నాలుగు గోడలూ లేకపోతే ఏమయ్యేదో ఆయనకు ఈ జన్మలో తెలియదు.

అత్త తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని గోడకానుకుని కూర్చుంది. "ఇంగ నాకూ ఒక రొట్టె పెట్టు పాపా, ఆకలైతాంది" అంది. ఎన్నాళ్ళకు విన్నానో ఆ మాట. రొట్టె పెడుతుంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ తరువాత మామ బయటికొస్తే చాలు, గంజి పెట్టేవాళ్ళలో ఎవరో ఒకరు "అన్నా, ఇంతకూ ఏం పేరు పెట్టుకున్యావు?" అని అడిగేవారు. ఆ పోరు పడలేక, పెళ్ళాం మళ్ళీ ఆ గడప తొక్కకూడదన్న పంతంతో, ఆయన నెల తిరక్కుండా పెరట్లో కక్కసుకు గుంత తవ్వించాడు. పెళ్ళాం కడుపు కోసం కాదు సుమా, పరువు కోసం. అత్త ఎదురింటికి పోవడం మాత్రం మానలేదు, తోడికోడలితో మాటలకు పోయేది. మా పుస్తకం బహు నాణ్యమైనదని పైవాళ్ళు పెద్దసారిని మెచ్చుకున్నారని విన్నాను.

ఇప్పుడు నాకూ అరవై దాటాయి. మనవడి వయసు డాక్టరొకడు నా కడుపు నొక్కి చూసి, నీళ్ళు ధారాళంగా తాగండి మేడమ్ అన్నాడు. పుస్తకం మారలేదన్నమాట. మొన్న ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. బస్టాండులో ఆడవాళ్ళ కక్కసుకు తాళం వేసుంది. ఎండ మండిపోతోంది, సంచిలో సీసా నిండా నీళ్ళున్నాయి. పక్క సీటులో కాలేజీ పిల్ల నా మొహం చూసి, "నీళ్ళు తాగవ్వా, వాడిపోయినావు" అంది.

"వద్దులే పాపా, ఊరు చేరినాక తాగుతా" అన్నాను. ఆ పిల్ల ఒళ్ళో సీసా కూడా మూత తీయకుండానే ఉంది. నేను దాని వంక చూశాను, ఆ పిల్ల నా వంక చూసింది, ఇద్దరం నవ్వుకున్నాం.