లూసమ్మ పళ్ళెంలో రెండో కన్ను

దయ్యాలన్నా మహిమలన్నా నాకు ఒళ్ళు మంట. ఇది చదివి కింద ‘ఆమెన్’ అని పెట్టేవాళ్ళుంటే ముందే చెప్తున్నాను, పెట్టొద్దు.

నీటికాసులతో మా అమ్మ చూపు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ అమెరికాలో, క్యారీలో నా దగ్గరే ఉంటోంది. నలభై ఏళ్ళుగా లూసమ్మకి నవదిన ప్రార్థనలు చేస్తోంది, చూపు పోయాక కూడా మానలేదు.

లూసమ్మంటే పునీత లూసీ. సిసిలీ పిల్ల. జబ్బుపడ్డ తల్లిని ఒక పునీతురాలి సమాధి దగ్గరికి తీసుకెళ్ళి నయం చేయించిందట. పెళ్ళి వద్దన్నందుకు పెళ్ళికొడుకే క్రైస్తవురాలని అధికారులకి పట్టించాడు. ఎడ్లు కట్టి లాగినా కదల్లేదట. కళ్ళు పీకేస్తే దేవుడు మళ్ళీ ఇచ్చాడు, ఆపైన కత్తితో చంపేశారు. మళ్ళీ ఇచ్చేవాడు పీకుతుంటే ఏం చేస్తున్నాడని చిన్నప్పుడే అడిగి తన్నులు తిన్నాను.

పోయిన డిసెంబరులో నా ఎడమ కంట్లో మెరుపులు, నల్లటి నలకలు మొదలయ్యాయి. మనవాళ్ళు చేసే పనే చేశాను. గుంటూరులో ఉన్న డాక్టరు అన్నయ్యకి వాట్సాప్‌లో పెట్టాను. “స్క్రీన్ ఎక్కువైందిలేమ్మా, డ్రాప్స్ వేసుకో” అన్నాడు. అన్నయ్య ఎముకల డాక్టరు. అడిగిన నాకుండాలి బుద్ధి.

లూసమ్మ పండగనాడు చర్చికి తీసుకెళ్ళమని అమ్మ పోరు. ఆఫీసులో రిలీజ్ ఉంది. హాఫ్ డే పెట్టి దారంతా గొణుక్కుంటూ డ్రైవ్ చేశాను. పూజ అయ్యాక లూసమ్మ స్వరూపాన్ని, అదే విగ్రహాన్ని, తాకి కళ్ళకద్దుకుంటానంది. ఇక్కడ ఎవరూ అలా తాకరు. అందరూ మావైపే చూస్తుంటే తల కొట్టేసినట్టయింది.

పీకిన కళ్ళు రెండూ పళ్ళెంలో పెట్టి పట్టుకున్నట్టే చేస్తారు లూసమ్మ బొమ్మని ఎక్కడైనా. ఇక్కడా చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెంలో ఒకటే కన్ను.

“విరగ్గొట్టి పెట్టారమ్మా, ఒకటే ఉంది. పద.”

అమ్మ వేళ్ళతో తడిమింది. “రెండూ ఉన్నాయి కదే.”

“నీకేం తెలుసు? చూస్తోంది నేను!” అని అరిచాను. చూపులేని తల్లి మీద, చర్చిలో. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అమ్మ నా చెయ్యి లాగి పళ్ళెం మీద పెట్టింది. వేళ్ళ కింద రెండు తగిలాయి. చూస్తే ఒకటే.

భయమేసి అటునుంచటే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెటీనా ఊడుతోంది, ఇంకో రోజు ఆగుంటే చూపు దక్కేది కాదంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే సర్జరీ చేశారు.

తర్వాత ఆవిణ్ణి పళ్ళెం సంగతి అడిగాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. నాకు మసకబారింది ఎడమ కంట్లో పైమూల మాత్రమే. ఎదురుగా, కిందుగా ఉన్న వస్తువు, అదీ రెండు కళ్ళతో చూస్తుంటే, మాయం కావడానికి వీల్లేదంది. మళ్ళీ చర్చికి వెళ్ళి చూశాను. రెండూ ఉన్నాయి. ఫోటో కూడా తీసుకున్నాను.

అదెలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినా థాంక్స్ చెప్పను. లూసమ్మ కథలో కూతురు తీసుకెళ్తే తల్లికి నయమైంది. మరి మా అమ్మ చేసిన పాపమేంటి? కడుపుమంట ఆగక అమ్మనే అడిగేశాను, నలభై ఏళ్ళు వేడుకున్నావు, నీ కళ్ళకేం ఒరగబెట్టిందని.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

“నా కళ్ళ కోసం ఎప్పుడడిగానే? నువ్వు పుట్టినప్పటినుంచీ నీ కళ్ళే అడుగుతున్నా.”

కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీద చూపించాలో తెలియక పక్కన కూర్చుని ఈనెలు తీశాను.