రమ్మంటే బండి అమ్మేయాలి

టెక్సస్‌లో మా ఊరు ప్లేనో దాటి, ఇళ్లు పలచబడి, రోడ్డు తిన్నగా పడమటికి తిరగగానే హెల్మెట్ లోపల గట్టిగా అరిచాను. ఎవరికీ వినపడదన్న ధైర్యంతో అరిచిన అరుపు. యాభై దాటినదాన్ని, ఆఫీసులో అందరూ నెమ్మదస్తురాలనుకునే మనిషిని. ఆ పొద్దున మాత్రం సంతోషం పట్టలేకపోయాను.

రెండు ప్రాజెక్టుల మధ్య నాకు దొరికిన సెలవు జులైలో పడింది. ఈ ఎండల్లో మోటార్‌సైకిల్ మీద గ్రాండ్ కేన్యన్‌కి, అదీ ఒక్కదాన్నే వెళ్తాననగానే మా ఆయన తింటున్న దోసె వదిలేసి లేచారు. వారమంతా వాదించుకున్నాం. ఆఖరికి ఆయన ఒక షరతు పెట్టారు.

"సరే, వెళ్లు. కానీ మధ్యలో ఫోన్ చేసి రమ్మన్నావనుకో, కారు వెనక ట్రెయిలర్ కట్టుకుని వచ్చి బండిని ఎక్కించుకొస్తా. ఇంటికి రాగానే బండి అమ్మేద్దాం. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

సై అన్నాను. పంతానికి పోతే నా అంతటిది లేదు. పైగా ఆ బండంటే నాకు ప్రాణం. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక, శనివారాలు ట్రైనింగ్‌లో కుర్రాళ్ల మధ్య పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. ఎవరినీ అడక్కుండా, నా కోసమే నేను కొనుక్కున్నది అదొక్కటే.

ఎండ సంగతి చెప్పాలి. కారులో ఏసీ వేసుకుని వెళ్లేవాళ్లకి తెలిసే ఎండ కాదది. వేగం పెంచితే గాలికి చల్లబడతాననుకున్నాను. అన్నం గిన్నె మీద మూత తీసినట్టు ఆవిరి ముఖాన కొట్టింది. ఆగినచోటల్లా చొక్కా తడుపుకుని, ముక్కుకీ నోటికీ తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ ఎక్కేదాన్ని. కాసేపటికే అంతా ఎండిపోయేది. అయినా ఎంత బాగుందో! పత్తి చేలు, గాలిమరలు, రోడ్డు పక్కనే నాతో పోటీపడుతూ గూడ్సు రైలు. డ్రైవరు నన్ను చూసి హారన్ కొట్టాడు. చెయ్యెత్తి ఊపాను. రాణీగారి ఊరేగింపు కూడా అంత దర్జాగా ఉండదు.

చిల్డ్రెస్ అనే చిన్న ఊళ్లో పెట్రోలు కోసం ఆగాను. ట్యాంకు నింపి, లోపలికెళ్లి నీళ్లు తాగి వచ్చేసరికి బండి వెనక చక్రం పక్కన నేల మీద ఎర్రటి నూనె. చూస్తుండగానే ఇంకో చుక్క పడింది. వంగి చూస్తే ఎడమవైపు కిందంతా జిడ్డే. పక్క పంపు దగ్గర పికప్ ట్రక్కు నింపుకుంటున్న పెద్దాయన కూడా వచ్చి చూసి, తల అడ్డంగా ఊపాడు. ఇలా కారుతుంటే ముందుకు వెళ్లొద్దని, దారిలో ఇంజను పట్టేస్తే నీడ కూడా దొరకదని చెప్పాడు.

ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. గోడ నీడన కూలబడి మా ఆయనకి ఫోన్ చేశాను.

"ఏవండీ, బండి ఆయిల్ లీక్ అవుతోంది."

"ఎక్కడున్నావు?"

"చిల్డ్రెస్‌లో. గ్యాస్ స్టేషన్ దగ్గర."

"నీడలో ఉన్నావా? నీళ్లున్నాయా?"

ఉన్నాయన్నాను. అటువైపు తాళాల చప్పుడు, తర్వాత కారు తలుపు పడిన చప్పుడు. ట్రెయిలర్ ముందురోజే అద్దెకి తెచ్చి, పక్క సందులో దాచారని తర్వాత తెలిసింది. ఇక నేను 'రండి' అనడమే మిగిలింది. ఆ మాట అనబుద్ధి కాలేదు.

"ఏ కలర్‌లో ఉంది ఆయిల్?"

"ఎర్రగా."

"ఏ సైడ్?"

"లెఫ్ట్."

ఆయన మాట్లాడలేదు. ఎంతసేపటికీ మాట్లాడకపోయేసరికి కాల్ కట్ అయిందేమో అనుకున్నాను.

"ఒకసారి గ్లవ్ తీసి, వేలికి అంటించి వాసన చూడు," అన్నారు.

ముఖానికున్న గుడ్డ లాగేసి చూశాను. ఆవపిండి, వెల్లుల్లి! పరుగున వెళ్లి బండికి ఎడమవైపు తగిలించిన సంచీ తెరిచాను. రెయిన్ కోటు కింద నేను సర్దనిదొకటి ఉంది. రెండు కవర్లలో చుట్టిన ఆవకాయ డబ్బా. ఎండకి మూత పైకి లేచి, నూనె అంతా సంచీ కుట్లలోంచి కారుతోంది. తిండి సామానేదీ వద్దని ఖండితంగా చెప్పాను గానీ, మా ఆయన సంగతి నాకు తెలియనిదా! మా ఇంట్లోంచి ఎవరు రెండు రోజులు ఊరెళ్లినా పచ్చడి లేకుండా గడప దాటనివ్వరు.

నవ్వు ఆగలేదు. పెద్దాయనకి ఇదీ సంగతని చెప్పి, డబ్బా చూపించాను. ఘాటుకి రెండడుగులు వెనక్కి వేసి, ఆయనా నవ్వాడు.

"నువ్వు పడుకున్నాక పెట్టా. అక్కడ నోటికి ఏం రుచిస్తుందో ఏమోనని," ఫోన్‌లో మా ఆయన గొణిగారు.

అప్పుడు తట్టింది నాకు. ఈ ప్రయాణం ఆగిపోవాలని మొదట్నుంచీ దేవుడికి దండం పెట్టుకున్న మనిషి ఈయన.

"మీరు చెప్పకుండా ఊరుకుంటే అయిపోయేదిగా," అన్నాను.

"అదే ఆలోచించా. అందుకే లేటయింది."

ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. పైకి మాత్రం, "మరి ఫోన్ చేశానుగా, షరతు సంగతేంటి?" అన్నాను.

"రమ్మన్నావా నువ్వు? ఆయిల్ లీక్ అవుతోందన్నావు, అంతే. ఎండ ఇంకా ముదరకముందే బయల్దేరు. అమరిల్లో ఊరు చేరగానే కాల్ చెయ్. అప్పటిదాకా నేను కారు దిగను."