నూట అరవై ఒకటో గడి

నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆదివారమంటే సూర్యాపేటలో ఉదయం 6:40 బస్సు, నలభై నాలుగు కిలోమీటర్ల దారి, కోదాడలో ఆరు కంప్యూటర్లున్న ఒక శిక్షణ కేంద్రం. అక్కడ పాఠాలు చెప్పే మా పక్కింటి అక్క నన్ను వెంట తీసుకువెళ్లేది.

కేంద్రం నడిపే సారుకు నా ఈడు కొడుకు ఉండేవాడు. నేను నోరు విప్పితే చాలు, ‘గిదా, గదా?’ అని నా యాసను వెక్కిరించేవాడు. దాన్ని భరించాను. మూడు వారాలు కూర్చుని రాసిన నా ప్రోగ్రాం మీద నా పేరు చెరిపి తన పేరు పెట్టుకున్నప్పుడు మాత్రం భరించలేకపోయాను. సారుకు చెప్పాను. ‘మిషన్‌లో ఉన్నది అందరిదీ అమ్మా. నీదేనని రుజువేదీ?’ అన్నాడాయన.

తిరుగు బస్సులో ఏడుస్తుంటే అక్క ఓదార్చలేదు. ‘ఇగ ఏడుపు ఆపు. వాడు మళ్ల ఎత్తుకపోతడు, ఎత్తుకపోనీ. ఈసారి రుజువు వాని చేతులనే ఉంటది’ అన్నది.

తర్వాతి వారం ఆమె నల్లటి తెర మీద ఒక చిన్న కమాండు కొట్టి చూపించింది. ప్రోగ్రాం రాతను కాగితం కోసం తీర్చిదిద్దే సాధనం అది. పేజీ నెత్తిన ఫైలు పేరు, ఎడమ అంచున వరసల సంఖ్యలు, ముఖ్యమైన పదాలు లావుగా, రాసినవాళ్లు తమ గుర్తుకోసం పెట్టుకునే వ్యాఖ్యలు వాలు అక్షరాల్లో వచ్చాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం వేరొకటి. మా తెర మీద ఒక వరసలో, గడికో అక్షరం చొప్పున, ఎనభై గడులే కనిపించేవి; అంతకు మించిన రాత కుడి అంచు దాటి మరుగున ఉండిపోయేది. ఈ కమాండు ఆ పొడవు వరసను మడిచి కిందికి తెచ్చేది. ఒక్క అక్షరాన్నీ వదిలేది కాదు.

అంతలో మిర్యాలగూడలో బడి పిల్లలకు ప్రోగ్రాముల పోటీ ప్రకటించారు. కేంద్రానికి ఒక్క ఎంట్రీ. వడ్ల తేమను బట్టి ఎండాక తూకం ఎంత తగ్గుతుందో చెప్పే ప్రోగ్రాం రాశాను, 212 వరసలు. తొంభై ఏడో వరస చివర స్పేస్ నొక్కుతూ పోయి, రెండు ఎనభైలు దాటాక, నూట అరవై ఒకటో గడి నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో మా యాస మాట ఒకటి వ్యాఖ్యగా దాచాను. ఫైలును అందరికీ కనిపించే చోటే వదిలి వచ్చాను.

అనుకున్నట్టే పైన వాడి పేరు చేరింది. సారు ఆ ఫైలునే ఫ్లాపీలో పోటీకి పంపించాడు. ఎంట్రీలన్నీ ఒకే తీరుగా ప్రింటు తీసే పని పోటీవాళ్లు అక్కకు అప్పగించారు. అక్క ఆ కమాండుతోనే తీసింది.

పోటీ రోజు అక్క వెంట నేనూ హాల్లో ఉన్నాను. హాలియా నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన ముసలి లెక్చరర్ రెండో పేజీ మీద వేలు ఆపి, సారు కొడుకు వైపు చూశాడు.

‘అంతా నువ్వే రాసినవా బిడ్డా?’

‘నేనేనండీ. ప్రతి అక్షరం నాదే.’

‘అయితే గీ వాలు అక్షరాలది జర గట్టిగ సదువు.’

వాడు గొంతు సవరించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు: ‘గిది... నేను... రాయలే. సూర్యాపేట పిల్లది... ఎత్తుకొచ్చిన.’

‘గిది’ అన్నప్పుడే హాలు నవ్వింది. చివరి మాట చదివి వాడు కాగితాన్ని బోర్లా పెట్టేశాడు. నా యాస వాడి నోట్లోంచి, నేరం ఒప్పుకుంటూ, అందరి ముందూ బయటికి వచ్చింది. ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది. ఇప్పటికీ తియ్యగానే ఉంది. ఈ వయసులో అబద్ధమాడే అవసరం నాకు లేదు.

కోపాన్ని అరిచి పోగొట్టుకోకూడదని, కొలిచి పెట్టి, ఎదుటివాడి నోటితోనే పలికించాలని ఆనాడు నేర్చుకున్నాను. ఉద్యోగంలో అదే పద్ధతి పాటించాను. పైవాళ్లు నాకు భయపడ్డారు. ఎవరూ దగ్గరికి రాలేదు.

ఆ ఒక్క వరసకు పోయినవి ఇవి. కేంద్రం ఎంట్రీ రద్దయింది కనుక నా ప్రోగ్రాం ఎవరి పేరుమీదా నిలవలేదు. ఆ అబ్బాయి కంప్యూటరు చదువు మానేశాడు. అక్క ఉద్యోగం మర్నాడే పోయింది. అలా అవుతుందని ఆమెకు ముందే తెలుసు, నాకు తెలియదు.