కురుమ మల్లయ్య, కుమార మల్లయ్య

తెలంగాణ వచ్చిన మూడో ఏట నన్ను పాలమూరు వైపు ఒక చిన్న మ్యూజియానికి క్యూరేటర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర. అసిస్టెంటుగా నేను ఉద్యోగంలో చేరిందీ అక్కడే. ఆ రోజుల్లో అచ్చంపేట నుంచి ఎల్లమ్మ అనే ఆమె తెచ్చి ఇచ్చిన, రంగులతో గీసిన అరచేతంత బొమ్మను నేనే రిజిస్టర్‌లో ఎక్కించాను: తలపాగా, నల్లటి వస్త్రం, చేతిలో కర్ర ఉన్న మనిషి. తర్వాత దాన్ని ఎవరూ చూసిన పాపాన పోలేదు.

నేను క్యూరేటర్‌గా తిరిగొచ్చిన నెలకే, అలాంటి బొమ్మల చరిత్రను ఇంటింటికీ చేర్చిన పెద్ద రచయిత ఒకాయన వచ్చి, ఆ రిజిస్టర్ అడిగాడు. వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు, వివరం, ఇచ్చినవారి పేరు అందులో ఉంటాయి. భూతద్దం పెట్టి చదివి "కుమార మల్లయ్య!" అని అరిచాడు. ఆర్నెల్లలో పుస్తకం వచ్చింది. నల్లవస్త్రం కాశ్మీరు శాలువా, కర్ర రాజదండం, మల్లయ్య ఏదో సంస్థానపు యువరాజు! జనం ఎగబడ్డారు. నేనూ ఎగిరి గంతేసి పేరుచీటీ మార్చేశాను. నాకు సన్మానం కూడా జరిగింది, సిగ్గులేకుండా శాలువా కప్పించుకున్నాను.

ఒకనాడు ముసలిదైన ఎల్లమ్మ పాత రసీదు పట్టుకుని వచ్చింది.

"సారూ, గది శాలువ గాదు, గొంగడి. మా తాత కురుమ మల్లయ్య, గొర్లు గాసేటోడు. మందకాడ నెల దినాలు బువ్వ తిన్న బొమ్మలాయన గీసిచ్చిండు. గాయినను రాజును జేసిండ్రు, మంచిగనే ఉన్నది. మరి నేనెవల మనుమరాలిని?"

రిజిస్టర్ తెరిచాను. నా ఇంగ్లీషు గొలుసురాతలో "కురుమ" అచ్చం "కుమార" లాగే ఉంది. ఓరి దేవుడా, ఆ యువరాజును కన్నది నేనే!

రచయితకు ఫోన్ చేస్తే, రెండో ముద్రణ ప్రెస్సులో ఉందన్నాడు. పై అధికారి, పెన్షన్ కాగితాలు కదిలే వేళ ఆ రిజిస్టర్‌ను కదిలించకన్నాడు. రెండు రోజులు పిరికిగా ఊరుకున్నాను. మూడో రోజు ఎల్లమ్మ మళ్లీ వచ్చి రసీదు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఆమె ముందే పాత మాట కనబడేలా ఒక్క గీత గీసి, ఎర్ర సిరాతో "కురుమ" అని రాసి, పక్కన సంతకం చేశాను. నిబంధన అదే. పేరుచీటీ కూడా మార్చాను.

"గిప్పుడు అచ్చం మా తాత లెక్కనే ఉన్నడు," అంది ఎల్లమ్మ.

రిజిస్టర్ ఎందుకు దిద్దావంటూ నాకు మెమో వచ్చింది. రెండో ముద్రణా వచ్చింది, అందులో మల్లయ్య గొర్రెల కాపరి మారువేషంలో ఉన్న యువరాజు. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే: రిజిస్టర్‌లో పేర్లు గొలుసురాతలో రాయకూడదు. మెమోకు జవాబు విడివిడి అక్షరాల్లోనే రాశాను.